విజ్ఞానాచార్య శ్రీ సూరి భగవంతము గారు

మహాసభా సంచికలయందు స్వకులజుల చరితములు వ్రాయుట పరిపాటి. అయినను విద్యకు కులము లేదు గావున, మన బిడ్డలకు మేలుబంతియగు ఒక ఆంధ్ర శాస్త్రజ్ఞుని చరితమును ఈ యేట సంగ్రహముగా విన్నవించుచున్నాము.

భగవంతము గారు 1909 వ సంవత్సరము అక్టోబరు 14 వ తేదీన కృష్ణా మండలమునందలి ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాము కళాశాలలో పట్టమునొంది, 1928 లో కలకత్తా చేరి చంద్రశేఖర వేంకటరామన్ గారికి శిష్యులైరి. రామన్ ఫలితము లోకమునకు వెల్లడియైన సంవత్సర మదియే. 1932 లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రోపన్యాసకులుగా ప్రవేశించిరి.

అప్పటికి పరిషత్తునకు ఆఱేండ్ల ప్రాయము. బెజవాడనుండి వాల్తేరు చేరి రెండేండ్లు. ఉపన్యాసకులకా ఇరువదిమూడేండ్లు నిండీ నిండని వయస్సు. నాటి వైస్ ఛాన్సలరు సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు పూర్వము మన అనంతపుర కళాశాలలో పాఠము చెప్పినవారే. జయపురాధీశ్వరులు విక్రమదేవవర్మ గారి వదాన్యతవలన విజ్ఞాన కళాశాల నిలదొక్కుకొనెను.

చిన్న విద్యాలయమున నొక గుణము గలదు. అచట గురువు చేయు పరిశోధనము శిష్యుని కన్నులయెదుటనే జరుగును; శిష్యుడు వినువాడుగా మాత్రమే యుండక తోడి పనివాడగును. 1942 లో విశాఖపట్టణముపై బాంబులు పడగా పరిషత్తు కొంతకాలము గుంటూరునకు తరలవలసివచ్చెను. అట్టి కష్టదశలోను పని నిలువలేదు. తొలకరి కురిసిన పిమ్మట మన వజ్రకరూరు చేలలో జనులు వజ్రములకై వెదకుట చూచుచున్నాము. భగవంతము గారును, శిష్యులు భీమసేనాచార్ గారును వజ్రముయొక్క వెలను గాక దాని స్వభావమును వెదకిరి. చెవికి వినరాని ధ్వని తరంగములను వజ్రపు పలుకలగుండ పంపి, ఏ కంపనములు మిక్కిలిగా ఆవలికి వెడలునో గుర్తించి, దాని స్థితిస్థాపకతను గణించిరి. ఆ ఫలితము 1946 లో లండను రాయల్ సొసైటీ పత్రికలో వెలువడెను.

1940 లో కాంతి పరిక్షేపణమునుగూర్చియు, 1948 లో వేంకటరాయుడు గారితో కలసి గ్రూపుల సిద్ధాంతమునుగూర్చియు వారు రచించిన గ్రంథములను ఆ పిన్న పరిషత్తే ప్రకటించినది. పిదప వారు 1952 మొదలు 1957 వఱకు ఉస్మానియా వైస్ ఛాన్సలరుగను, 1962 వఱకు బెంగుళూరు విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగను, 1961 మొదలు 1969 వఱకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగను పనిచేసి, 1989 లో కీర్తిశేషులైరి.

1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో వాల్తేరుతోపాటు అనంతపురమునను విశ్వవిద్యాలయ కేంద్రము వెలయవలెనని పెద్దలు నిర్ణయించిరి. 1968 లో ఇచట స్నాతకోత్తర కేంద్రమును, 1981 లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. గార్లదిన్నె పిల్లవానికి వాల్తేరు దూరమైనను అనంతపురము దూరము గాదు. చిన్నది, క్రొత్తది యని విద్యాలయమును చులకన చేయువారు వాల్తేరును తలంచుకొందురుగాక!

వాన రాక వేరుసెనగ ఎండిన యింట మొట్టమొదట ఆగునది పిల్లల చదువు. పొలము మఱుసటి యేట పండవచ్చును. ఆగిన చదువు తిరిగి సాగుట అరుదు. విక్రమదేవవర్మ గారివలె లక్షలీయ నక్కఱలేదు. సంఘపోషకులు ఒక్కొక్కరు ఒక్కొక్క విద్యార్థికి చదువు ముగియుదాక గ్రంథములకును భోజనమునకును ఆధారమైనచో, ఈ కఱవునేలనుండియు మఱియొక భగవంతము గారు వెలువడుట అసాధ్యము కాదని మా విశ్వాసము.