స్టూలు మీద నిలబడి ఆపరేషన్ చెప్పిన వివియన్ థామస్

1944 నవంబర్ 29. అమెరికాలో బాల్టిమోర్ నగరం, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి. బల్ల మీద ఏడాది దాటిన పాప ఐలీన్. పెదవులు, గోళ్లు నీలం తిరిగి ఉన్నాయి. కత్తి పట్టింది ఆల్ఫ్రెడ్ బ్లాలాక్. ఆయన భుజం వెనకే స్టూలెక్కి నిలబడి, కుట్టు ఎటునుంచి పడాలో చెబుతున్నది నల్లజాతి మనిషి వివియన్ థామస్. ఆయన డాక్టర్ కాదు. డిగ్రీ కూడా లేదు.

1910లో లూసియానాలో పుట్టి నాష్‌విల్‌లో పెరిగాడు. తండ్రి వడ్రంగి, కొడుకూ ఆ పనే నేర్చాడు. డాక్టరీ చదువుకని దాచుకున్న డబ్బు ఆర్థిక మాంద్యంలో బ్యాంకుతో పాటే మునిగింది. 1930లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో బ్లాలాక్ ల్యాబులో చేరాడు. జంతువులకు ఆపరేషన్లు చేయడం, రక్తపోటు కొలవడం, లెక్కలు రాయడం ఆయన పని. జీతాల రికార్డులో మాత్రం ఊడ్చేవాడి హోదా. మన యూనివర్సిటీ ల్యాబుల్లో అటెండర్ పేరు కింద ఎవరు ఏమేం చేస్తారో చూసినవాళ్లం కనుక, ఈ ఒక్క వివరం దగ్గర మేము చాలాసేపు ఆగాం.

ఆయన తల వంచుకుని ఊరుకోలేదు. జీతం పెంచమని నిలదీసి అడిగాడు. అన్న హెరాల్డ్ టీచరు. తెల్ల టీచర్లతో సమాన జీతం కోసం నాష్‌విల్ విద్యా బోర్డు మీద కేసు వేసి గెలిచాడు.

ఇక రక్తనాళాల సంగతి. చేతికి వెళ్లే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపితే అక్కడ రక్తపోటు పెరుగుతుందేమోనని వాండర్‌బిల్ట్‌లోనే కుక్కల మీద చూశారు. పెరగలేదు. ఆ ప్రయోగం అలా మూలన పడింది. 1941లో ఇద్దరూ హాప్కిన్స్‌కు వచ్చారు. నీలం తిరిగే పిల్లల ఊపిరితిత్తులకు రక్తం చాలడం లేదు, మరికొంత చేర్చే దారి ఉందా అని డాక్టర్ హెలెన్ టౌసిగ్ అడిగినప్పుడు ఆ పాత అతుకే అక్కరకొచ్చింది. కుక్కల్లో ఆ జబ్బు లాంటి స్థితి తెప్పించి, అతుకు పనిచేస్తుందని తేల్చడానికి థామస్‌కు దాదాపు రెండేళ్లు, సుమారు 200 కుక్కలు పట్టాయి. అంత సన్నని నాళాలకు సరిపడే సూదులు లేకపోతే ఉన్నవాటినే నరికి, సానబెట్టుకున్నాడు. వడ్రంగి చెయ్యి మరి!

ఐలీన్ కొన్ని నెలలకే చనిపోయింది. ఆపరేషన్ నిలిచింది, తర్వాత వేలమంది పిల్లలను బతికించింది. 1945లో అచ్చయిన వ్యాసంలో బ్లాలాక్, టౌసిగ్ పేర్లున్నాయి. థామస్ ఊసే లేదు. ఆపరేషన్‌కూ ఆ ఇద్దరి పేర్లే పెట్టారు. పగలు సర్జన్లకు కుట్లు నేర్పిన మనిషి, జీతం చాలక, బ్లాలాక్ ఇంటి విందుల్లో ఆ సర్జన్లకే మందు పోసేవాడు. ఈ కథను ఇద్దరు మిత్రుల కథగా చెప్పడం పరిపాటి. మాకు ఆ చెప్పడం మింగుడుపడదు.

1976లో హాప్కిన్స్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, అదీ వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో. అదే ఏడాది అధ్యాపకుడిగానూ తీసుకుంది. 1985 నవంబర్ 26న ఆయన చనిపోయాడు. స్వయంగా రాసుకున్న జీవితకథ ఆ తర్వాత కొద్ది రోజులకు అచ్చయి వచ్చింది.