అంతరిక్షమున పాఠము చెప్పబూనిన ఉపాధ్యాయిని

విద్యార్థులారా! పాఠశాలనుండి విహారయాత్రకు పోవుటయన్న మీకెంత ప్రీతియో నాకు తెలియును. పిల్లలను తరగతిగదినుండి వెలుపలికి తోడ్కొనిపోవుటయు బోధనమేయని నమ్మిన ఉపాధ్యాయిని యొకతె అమెరికాదేశమున నుండెను. ఆమె పేరు క్రిస్టా మెకాలిఫ్.

ఆమె 1948 సెప్టెంబరు 2వ తేదీన బోస్టను నగరమున జన్మించెను. 1970లో పట్టభద్రురాలై, తన హైస్కూలు సహాధ్యాయియగు స్టీవెన్ మెకాలిఫ్‌ను వివాహమాడెను. వారికొక కుమారుడు, ఒక కుమార్తె. పెక్కు బడులలో పనిచేసి, తుదకు న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమందలి కాంకర్డు ఉన్నత పాఠశాలయందు సాంఘికశాస్త్రము బోధించుచుండెను. చరిత్రమనగా రాజులును యుద్ధములును మాత్రమే కాదనియు, సామాన్యులు వ్రాసికొనిన దినచర్యలును జాబులును చరిత్రమేయనియు ఆమె మతము. అమెరికా స్త్రీలనుగూర్చి ప్రత్యేక పాఠ్యక్రమమును తానే రూపొందించెను.

1984లో అమెరికా ప్రభుత్వము ఒక ఉపాధ్యాయుని అంతరిక్షమునకు పంప నిశ్చయించెను. 11,000కు పైగా దరఖాస్తులు వచ్చెను. 1985 జూలైలో క్రిస్టా ఎన్నికయ్యెను. ఆమె శాస్త్రజ్ఞురాలు కాదు. అదియే ఆమె యోగ్యతయని నా తలంపు.

నౌకనుండి టెలివిజనుద్వారా రెండు పాఠములు చెప్పవలెనని ఏర్పాటు. మొదటిది నిజముగా విహారయాత్రయే. తాను నౌకలో తిరుగుచు, యంత్రములను, సహచరులను చూపించి, భారము తెలియని ఆ చోట భుజించుట యెట్లు, నిద్రించుట యెట్లు అను సంగతులను బడిలో కూర్చున్న పిల్లల కన్నులకు కట్టింపవలెను. రెండవది, మానవుడు అంతరిక్షమునకు ఏల పోవలెనను విషయము. ఇవి గాక అయస్కాంతము, న్యూటను సూత్రములు, మన్నులేక మొక్కలు పెంచుట మొదలగు ప్రయోగములను చిత్రించి తేవలసియుండెను. దినచర్య వ్రాయవలెననియు ఆమె సంకల్పించెను. పూర్వము బండ్లపై పశ్చిమదిశకు వలసపోయిన స్త్రీల దినచర్యలే ఆమెకు మాదిరి.

1986 జనవరి 28వ తేదీ ఉదయము ఫ్లోరిడాలో చలి మిక్కుటముగా నుండెను. ప్రయోగవేదికపై మంచుగడ్డలు వ్రేలాడుచుండెను. రాకెట్టు అతుకులయందలి రబ్బరు వలయములు చలికి బిగిసి, మంటను ఆపజాలకపోవచ్చునని కొందఱు ఇంజనీర్లు ముందురాత్రియే హెచ్చరించిరి. అధికారులు ఆ మాట పెడచెవిని బెట్టిరి. ఛాలెంజరు నౌక బయలుదేరిన 73 సెకండ్లకు ముక్కలయ్యెను. అందలి ఏడుగురును మరణించిరి. కాంకర్డు పాఠశాలయందును, దేశమందలి పెక్కు బడులయందును పిల్లలు దానిని టెలివిజనులో చూచుచుండిరి. ఇది వ్రాయుటకు నాకు కలము సాగుట లేదు. అప్పటికి క్రిస్టా వయసు 37 ఏండ్లు.

అయినను ఆ పాఠములు మూలబడలేదు. ఆమెతో శిక్షణపొందిన ఉపాధ్యాయిని బార్బరా మోర్గన్ 2007లో అంతరిక్షమునకు పోయి, అచటినుండి పిల్లల ప్రశ్నలకు సమాధానము లిచ్చెను. క్రిస్టా తలపెట్టిన ప్రయోగములు కొన్నింటిని, పూర్వము ఉపాధ్యాయులుగా నుండిన జో అకాబా, రికీ ఆర్నాల్డు అను వ్యోమగాములు 2018లో అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమున చేసి చూపిరి. మృతుల కుటుంబములవారు నెలకొల్పిన ఛాలెంజరు విద్యాకేంద్రములలో మొదటిది 1988లో హ్యూస్టను నగరమున వెలసెను. ఆ కేంద్రములలో నౌకవలె అమర్చిన గదియందు కొందఱు పిల్లలు యాత్రికులై కూర్చుందురు. వేఱొక గదియందు కొందఱు, భూమిపై నున్నట్లుగా, వారికి దారి చూపుచుందురు. సగము కాలము గడవగానే ఇరుపక్షములవారును స్థానములు మార్చుకొందురు.