మురికివాడలో కాపురమున్న కగావా గారు

ఈ సంచికలో జపాను దేశస్థుడైన తొయొహికో కగావా గారి జీవితమును గూర్చి వ్రాస్తున్నాము. ఆయన మన బాప్టిస్టువాడు కారు, ప్రెస్బిటీరియను. అయినా మన పెద్దతరం వారిలో కొందరు సండేస్కూలు నాటి నుండి ఆ పేరు విన్నవారే. బీదలను ప్రేమించిన భక్తుడని చెప్పి అక్కడితో ఆపేయడం పరిపాటి. బీదవానికి అన్నంతో పాటు నిలువ నీడ, ఆ నీడ మీద హక్కు కూడా కావాలని ఆయన ఎలా తెలుసుకొన్నారో అంతగా చెప్పుకోము. ఇంటిస్థలం పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవారు మన సంఘములలో తక్కువేమీ కాదు. కనుక ఆ సంగతే ఎక్కువగా వ్రాస్తాము.

ఆయన 1888 జూలై 10న కోబే రేవుపట్టణంలో జన్మించారు. తండ్రి వ్యాపారి. తల్లి తండ్రికి పెండ్లాడిన భార్య కాదు, గెయిషా అనే ఆటపాటల వృత్తిలోని స్త్రీ. నాలుగేండ్ల ప్రాయంలోనే ఇద్దరినీ పోగొట్టుకొని, తొకుషిమాలో తండ్రి పెండ్లాడిన భార్య ఇంట పెరిగారు. ఆ బాల్యంలో ఆప్యాయత తక్కువ. ఇంగ్లీషు నేర్చుకొందామని మిషనరీల దగ్గరకు వెళ్లి, 1904లో బాప్తిస్మము పొందారు. దానితో బంధువులు విడిచిపెట్టారు. తరువాత టోక్యోలోను, కోబేలోను చదువు. మధ్యలో క్షయ పట్టుకొని మరణపు అంచు దాకా వెళ్లి వచ్చారు.

1909 డిసెంబరు 24న, 21 ఏండ్ల వయస్సులో, తన సామాను బండిమీద వేసుకొని కోబేలోని షింకావా మురికివాడకు కాపురం మారారు. అక్కడ ఆయనకు దొరికిన గదిలో హత్య జరిగిందని, దయ్యమున్నదని చెప్పుకొనేవారు. అందుకే అద్దె చౌక! ఓడరేవు కూలీలు, చిత్తుకాగితాలు ఏరేవారు, జూదగాండ్రు, ఒళ్లమ్ముకొనే స్త్రీలు, పనిలేనివారు అందరూ ఒకరినొకరు ఒరుసుకొని బ్రదికే చోటది. అడిగినవారికి ఆ గదిలోనే చోటిచ్చేవారు. ఒక రోగితో కలిసి పడుకొన్నందువల్ల ట్రకోమా అనే కంటిజబ్బు అంటుకొని జీవితాంతం బాధపెట్టింది. డబ్బు కోసం మీదపడిన రౌడీ ఒకడు ముందుపళ్లు రాలగొట్టాడు. ఆయన తిరిగి చేయి ఎత్తలేదు, పేట వదలి పోనూ లేదు. అలా ఉండిపోయిన తరువాతనే ఆ వాడ ఆయనను తమవానిగా ఎంచింది. 1913లో షిబా హారు అనే ఆమెను వివాహమాడి, ఆమెను కూడా అక్కడికే తీసుకొని వచ్చారు. ఈమె గురించి ఎవరూ ఎక్కువ వ్రాయరు గాని, ఆ గదులలో సంసారం చేసినది ఆమె.

అక్కడ అన్నిటికంటె ఘోరమైనది పసిబిడ్డల సంగతి. అక్కరలేని బిడ్డలను కొంత రొక్కమిచ్చి పేటలోని వారికి అప్పగించేవారు. రొక్కం అయిపోయాక పాలు లేక ఆ బిడ్డలు చచ్చేవారు. అలాటి శిశువునొకదానిని ఆయన తన చేతులతో పెంచజూశారు. ఎంతోమందికి సమాధి కార్యక్రమములు జరిపించారు. ఎంత చేసినా కొత్త బీదలు వచ్చి పడుతూనే ఉన్నారు. 1914 నుండి 1917 వరకు అమెరికాలో ఉండి, ప్రిన్స్టనులో చదివి, మళ్లీ షింకావాకే తిరిగివచ్చారు. అప్పటికి ఆయన అడిగే ప్రశ్న మారిపోయింది. వీరంతా ఎక్కడి నుండి వస్తున్నారు?

జవాబు పల్లెలలో ఉన్నది. ఆనాటి జపాను కౌలురైతు పంటలో సగం దాకా భూస్వామికి కొలవవలసి వచ్చేది. కౌలు పోతే పట్నమే దిక్కు, పట్నంలో మురికివాడే దిక్కు. అందువల్ల 1921లో కోబే ఓడల కార్ఖానాల సమ్మెలో ముందు నిలిచి జైలు చూసిన మనిషి, 1922లో సుగియామాతో కలిసి జపాను రైతుసంఘమును కట్టారు. రెండు చోట్లా దౌర్జన్యం వద్దన్నదే ఆయన పట్టు. వేడిరక్తపు యువకులకు అది రుచించలేదు, కొందరు విడిపోయారు. 1920లో అచ్చయిన ఆయన నవల విపరీతంగా అమ్ముడుపోగా, ఆ సొమ్మంతా ఈ పనులకే పోయింది.

1927లో జపాను ప్రభుత్వం మురికివాడల ఇండ్లను బాగుచేసే చట్టం తెచ్చింది. అందుకు ప్రజల మనస్సును సిద్ధపరచినవారిలో కగావా గారు ముఖ్యులు. ఇక్కడ ఒక మాట. పాకలు పడగొట్టడం సులువు, పాకలోని మనిషికి అదే ఊరిలో చోటివ్వడం కష్టం. మన దేశంలో ఒడిశా ప్రభుత్వం 2017లో చట్టం చేసి, చిన్న పట్టణాల బస్తీవాసులకు వారున్న చోటనే హక్కుపత్రాలు ఇవ్వసాగింది. అంటే ఆ జపాను చట్టానికి, దీనికి నడుమ 90 ఏండ్లు.

ఆయన జీవితంలో మరొక వైపు దాచిపెడితే న్యాయం కాదు. జపానులో బురాకు ప్రజలని, తోలుపని మొదలైనవి చేసినందుకు తరతరాలుగా అంటరానివారుగా చూడబడిన వారున్నారు. 1915లో ప్రచురించిన పుస్తకంలో కగావా గారు వారిని వేరు జాతివారన్నట్లు, నేరం వారి పుట్టుకలోనే ఉన్నట్లు వ్రాశారు. బురాకు ప్రజలు దీనిని గట్టిగా ఖండించారు. మాలపల్లెల నుండి, మాదిగపల్లెల నుండి కదలివచ్చిన మన పెద్దల బిడ్డలమైన మనము దీనిని చూడనట్లు దాటిపోలేము. బీదలతో ఒకే చాప మీద పడుకొన్న మనిషి కూడా పుట్టుకను బట్టి తీర్పు తీర్చగలడని మాకు దీనివలన తెలిసింది. ఆయన చేసిన మేలు దీనివలన చెరిగిపోదు. ఈ తప్పు ఆ మేలువలన చెరిగిపోదు.

1938 డిసెంబరులో మన మద్రాసు దగ్గర తాంబరములో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు ఆయన వచ్చారు. ఆ ప్రయాణంలోనే గాంధీగారిని కలుసుకొన్నారు. 1940లో యుద్ధవ్యతిరేకి అని స్వదేశపు సైనిక పోలీసులు నిర్బంధించారు. యుద్ధం ముదిరాక అదే మనిషి అమెరికాకు వ్యతిరేకంగా రేడియోలో మాట్లాడడం ఆయన స్నేహితులను చాలా నొప్పించింది. 1946లో మొదలైన భూసంస్కరణతో కౌలురైతులు తాము దున్నే భూమికి యజమానులయ్యారు. అది అమెరికా సైన్యాధికారుల ఒత్తిడిమీద జరిగినది గాని, ఆయన రైతుసంఘం అప్పటికి 24 ఏండ్ల క్రిందటే ఆ దారి పట్టింది.

కగావా గారు 1960 ఏప్రిల్ 23న టోక్యోలో ప్రభువునందు నిద్రించారు. 1921లో కోబేలో ఆయన పూనికతో మొదలైన వినియోగదారుల సహకార సంఘం నేటికీ ఆ ఊరివారికి బియ్యం, కూరగాయలు అమ్ముతూనే ఉన్నది.