బోదకాలు మందూ, భీమవరం సుబ్బారావూ

మా అమ్మమ్మ పెళ్లిళ్లకు వెళితే గోడవారనే కూర్చునేది. ముందు వరసలో కుర్చీ ఖాళీగా ఉన్నా, ఎవరెంత పిలిచినా వచ్చేది కాదు. ఆవిడ ఎడంకాలు పాదం నుంచి మోకాలిదాకా స్తంభంలా ఉండేది. కుచ్చిళ్లు నేల మీద జీరాడేలా చీర కట్టి ఆ కాలు దాచుకునేది. నెలకో రెణ్ణెల్లకో గజ్జల్లో బిళ్ళ కట్టి, చలిజ్వరం వచ్చి, మూడు రోజులు దుప్పటి కప్పుకుని మూలుగుతూ పడుకునేది. నాలుగో రోజు లేచి మళ్లీ పొయ్యి దగ్గర కూర్చునేది. గోదావరి కాలవ గట్టు మీది మా ఊళ్లో అలాంటి కాళ్లు ఇంకా చాలా ఉండేవి కనక, అదేదో ఆ నీళ్ల గుణం అనుకునేవాళ్లం.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా వీధిలో రాత్రిపూట రక్తం తీయడానికి మనుషులొచ్చారు. పగలు రాకుండా నిద్ర చెడగొట్టడమేమిటని అందరూ విసుక్కున్నారు. అమ్మ వేలు కూడా గుచ్చి, తరవాత కొన్ని తెల్ల మాత్రలు ఇచ్చి వెళ్లారు. ఆ మాత్ర తయారు కావడంలో పక్క జిల్లాలో పుట్టిన మనవాడి చెయ్యి ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్ల తరవాత ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం చదువుతుంటే తెలిసి, పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. ఆరోగ్యం చెడి అది కూడా మానుకోవలసి వచ్చింది. ఏడుగురు పిల్లల సంసారం తల్లి వెంకమ్మగారి మీద పడింది. పిల్లవాడికేమో చదువు మీద ధ్యాస లేదు. పదమూడో ఏట కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. అయినవాళ్లు పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసులో గట్టెక్కాడు. ఆ మద్రాసు చదువు కోసం వెంకమ్మగారు ఒంటిమీది బంగారం అమ్ముకున్నారు. రెండుసార్లు తప్పిన కొడుకు మీద ఉన్న కాస్త బంగారమూ పెట్టాలంటే ఎంత మొండి నమ్మకం ఉండాలో, పిల్లల మార్కుల కాగితాలు చూసి నిట్టూర్చే మనకి తెలియందా!

కాలేజీలో చేరాక అబ్బాయికి సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మిషన్‌లో చేరతానన్నాడు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. చివరికి మిషన్ పెద్దలే వైద్యం చదివి జనానికి సేవ చెయ్యమని సలహా చెప్పారట. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. చదువు ఖర్చుకి స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సాయం చేశారు. ఆయన కూతురు శేషగిరితో 1919లో పెళ్లి జరిగింది. ఆవిడ సంగతి మళ్లీ చెబుతాను.

గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్లాడు. తెల్ల ప్రొఫెసరుకి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. రావలసినవాడికి అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది. ప్రభుత్వ ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకుంటూ బతికారు.

ఆ ఇంట్లో జరిగిన పెద్ద దుఃఖం మరొకటి ఉంది. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. ఆ జబ్బు సుబ్బారావుగారికీ వచ్చింది. లక్ష్మీపతిగారి మందుతో ఆయన బతికి బయటపడ్డారు. ఒకే ఇంట్లోంచి అలా వరసగా రెండు శవాలు లేచాక వెంకమ్మగారు ఎలా నిలబడ్డారో ఏ పుస్తకమూ వివరంగా రాయలేదు. రాసేవాళ్లకి శాస్త్రం ముఖ్యం కాబోలు.

1922 అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టన్‌లో దిగారు. మామగారు సాయం చేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా చేయూతనిచ్చింది. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల చదువు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని. తరవాత ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర చేరి, రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో వెలువడిన ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కండరం పని చెయ్యడానికి శక్తినిచ్చే పదార్థాల మీద కూడా వాళ్లిద్దరూ గొప్ప పని చేశారు. అయినా హార్వర్డ్‌లో ఆయనకి స్థిరమైన కొలువు దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు.

అక్కడే ఆయన చెయ్యి తిరిగింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకి పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం ప్రయోగశాలలో తయారు చెయ్యగలిగింది. కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో మనకిచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండేది అదే. లుకేమియా పిల్లలకు డాక్టర్ ఫార్బర్ మొదట వాడిన అమినాప్టెరిన్ కూడా ఆ ఫోలిక్ ఆమ్లం పనిలోంచి పుట్టిందే. ఆరియోమైసిన్ కూడా ఆ ప్రయోగశాలదే. 1994లో సూరత్‌లో ప్లేగు భయంతో జనం టెట్రాసైక్లిన్ కోసం మందుల షాపుల మీద పడ్డారు కదా, ఆ టెట్రాసైక్లిన్ ఈ ఆరియోమైసిన్ వంశానిదే.

ఇక మా అమ్మమ్మ జబ్బు దగ్గరికి వస్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా పట్టుకుంది. దాంతో అక్కడి కంపెనీలకు ఈ జబ్బు మీద హఠాత్తుగా ఆసక్తి పుట్టింది. మన గోదావరి ఆడవాళ్లు ఎన్నో తరాలుగా మూలుగుతున్నా పుట్టని ఆసక్తి అది! సుబ్బారావుగారి విభాగంలో హెవిట్ అనే శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి ఎలుకల మీద, కుక్కల మీద మందులు పరీక్షించారు. ఆ జంతువుల్లోనూ ఇలాంటి దారపు పురుగులే ఉంటాయి. ఒక్కో మందూ ప్రయత్నించుకుంటూ పోగా 1947లో హెట్రజాన్ నిలిచింది. మనుషుల మీద తొలి పరీక్షలు ప్యూర్టోరికోలో జరిగాయి. మనకి ఆసుపత్రిలో డి.ఇ.సి. అని ఇచ్చే మాత్ర అదే.

ఆ పురుగు సంగతి తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. దారంలా సన్నగా ఉండి, మన లింఫ్ నాళాల్లో ఏళ్ల తరబడి కాపురం చేస్తుంది. దాని పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి. రాత్రిపూట కుట్టే క్యూలెక్స్ దోమ వాటిని పీల్చుకుంటుంది. రెండు వారాల్లో అవి దాని ఒంట్లో ఎదిగి మరో మనిషికి చేరతాయి. మా వీధికి రాత్రి వచ్చి రక్తం తీసింది అందుకే. ఈ దోమ మురుగు కాలవల్లో, నిండిన సెప్టిక్ ట్యాంకుల్లో పెరుగుతుంది. కాలు తాకితే అంటుకునే జబ్బు కాదిది. కానీ మా అమ్మమ్మ వాడిన పీట మీద కూర్చోని చుట్టాలు నాకు తెలుసు. ఆ ఇంటి పిల్లని చేసుకోమని మా పిన్ని సంబంధం ఒకటి వెనక్కి వెళ్లిపోయింది. పిన్ని కాలికి ఏమీ లేదు.

హెట్రజాన్ రక్తంలో తిరిగే పిల్లపురుగుల్ని చంపుతుంది. గట్టిపడిన కాలుని మాత్రం మామూలు కాలు చెయ్యలేదు. అమ్మమ్మకి మందు ఆలస్యంగా అందింది. ఒక నర్సమ్మ చెప్పాక, రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, పడుకునేటప్పుడు దిండు మీద ఎత్తుగా పెట్టడం మొదలుపెట్టింది. జ్వరాలు బాగా తగ్గాయి. కుచ్చిళ్లు మాత్రం నేల మీదే జీరాడుతూ ఉండేవి.

శేషగిరిగారి సంగతి చెబుతానన్నాను కదూ. పెళ్లయిన మూడేళ్లకి భర్త అమెరికా వెళ్లారు. వాళ్లకి ఒక మగపిల్లవాడు పుట్టి, ఏడాది నిండకుండానే పోయాడు. భర్త మళ్లీ రాలేదు. ఆయన చదువు, పరిశోధన, ఉద్యోగం అన్నీ అక్కడే. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో, న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి పోయారు. హెట్రజాన్ వచ్చిన మరుసటి ఏడే. ఇరవై ఆరేళ్ల నిరీక్షణకి అదీ ముగింపు. ఆయన ప్రయోగశాలలో తప్ప ఇంకెక్కడా ఉండలేని మనిషని స్నేహితులు సమర్థిస్తారు. నాకు ఆయన మీద భక్తి ఉంది. శేషగిరిగారిని తలుచుకుంటే ఆ భక్తితోపాటే కోపమూ వస్తుంది. రెంటినీ దాచుకోను.

1995లో ఆయన శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది. 2004 నుంచి ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి డి.ఇ.సి. మాత్రలు పంచడం మొదలైంది. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, బాగా జబ్బుతో ఉన్నవాళ్లకు ఇవి ఇవ్వరు. మిగతావాళ్లు ఏదన్నా తిన్నాక వేసుకోవాలి. పురుగులు చచ్చేటప్పుడు కొందరికి కాస్త జ్వరం, తలనొప్పి వస్తాయి. అది చూసి భయపడి మాత్రలు తీసుకుని అలమరలో పడేసేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మాకేం జబ్బు, మా కాళ్లు బాగానే ఉన్నాయిగా అంటారు. కాలు బాగున్నప్పుడే పురుగు రక్తంలో తిరుగుతుందని ఎన్నిసార్లు చెప్పానో!

ఈమధ్య మాత్రలిచ్చే అమ్మాయి వచ్చినప్పుడు మా పక్కింటావిడ యథాప్రకారం కొంగున ముడేసుకోబోయింది. నేను ఇడ్లీ పెట్టి, మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నాను. నా మొహం చూసి మింగేసింది. తరవాత ఆ సుబ్బారావు ఎవరని అడిగింది. మధ్యాహ్నం వంట పక్కన పెట్టి కూర్చుని, వెంకమ్మగారి బంగారం దగ్గర మొదలుపెట్టాను.