పట్టాలు రాయించిన సిపాయి దొర – థామస్ మన్రో

ఈ నెల గోడపత్రికకు ఒక పెద్దమనిషి జీవితం రాయమని మా సారు చెప్పారు. నేను మన్రో దొరను ఎంచుకున్నాను. ఎందుకంటే పట్టా అనే మాట మా చెంచు పెంటలో చిన్నప్పటి నుండి వింటున్నాను. మా నాయిన పోడు చేనుకు పట్టా కావాలని ఎన్నిసార్లు కాగితాలు పెట్టాడో లెక్క లేదు. మన దక్షిణాన రైతు పేరు మీదనే పట్టా ఉండాలని పట్టుబట్టిన వాళ్లలో ఈయనది పెద్ద పేరు.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండ్ దేశంలోని గ్లాస్గో పట్నంలో పుట్టాడు. చిన్నప్పుడు తట్టు వచ్చి చెవులు సరిగ్గా వినపడకుండా పోయాయి. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా వాళ్లు ఇంగ్లండు మీద తిరగబడేసరికి ఆ వ్యాపారం మునిగిపోయింది. చదువుకున్న కొడుకు కూడా బతుకుతెరువు కోసం దేశం దాటవలసి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి వయసు 18 ఏళ్లు. ఇప్పుడు మన శంషాబాద్‌లో విమానం ఎక్కితే ఒక్క రోజులో అక్కడికి పోవచ్చునంట.

వచ్చిన ఏడే హైదర్ అలీతో యుద్ధం మొదలైంది. తర్వాత టిప్పు సుల్తాన్‌తో. మన్రో ఈ యుద్ధాలలో ఉన్నాడు. యుద్ధాల సంగతి మన పాఠంలో ఉంది కాబట్టి ఎక్కువ రాయను. నాకు నచ్చింది తర్వాతి భాగం. 1792లో టిప్పు దగ్గర నుండి తీసుకున్న బారామహల్ అనే సీమకు (ఇప్పటి సేలం వైపు) కెప్టెన్ రీడ్ అనే అధికారి కింద మన్రోను పంపారు. అక్కడ ఏడేళ్లు తుపాకీ పక్కన పెట్టి ఊరూరా తిరిగి పన్నుల పని నేర్చుకున్నాడు. ఇక్కడి భాషలు కూడా నేర్చుకున్నాడు.

1800 అక్టోబరులో మన హైదరాబాద్ నిజాం, కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు వైపు సీమలను కంపెనీకి ఇచ్చేశాడు. వాటినే దత్త మండలాలు అన్నారు. మన శంషాబాద్ మీదుగా పోయే బెంగళూరు రోడ్డు పట్టుకుని పోతే కర్నూలు, డోన్ దాటాక గుత్తి, తర్వాత అనంతపురం వస్తాయి. అదే ఆ సీమ. రైతులను అడిగిన వాళ్లు ఎవరూ లేరు. ఒక రాజు సంతకం పెట్టాడు, ఇంకొకరు తీసుకున్నారు.

అక్కడికి మన్రో కలెక్టరుగా వెళ్లాడు. 1807 దాకా ఉన్నాడు. బంగళాలో కూర్చోకుండా చాలా కాలం డేరాలలోనే గడిపాడు. అప్పుడు ఆ సీమలో 80 మంది దాకా పాలెగాళ్లు ఉండేవారు. కోటలు కట్టుకుని, మనుషులను పెట్టుకుని, ఊళ్ల మీద డబ్బు వసూలు చేసేవారు. మన్రో సైన్యాన్ని పిలిపించి వాళ్లను అణచివేశాడు. కొందరిని వెళ్లగొట్టాడు, కొందరికి తవర్జీ అనే భత్యం ఇప్పించాడు. ఈ తవర్జీ దగ్గరే తర్వాత గొడవ అయింది. 1846లో తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇలాంటి పాలెగాళ్ల ఇంటివాడే.

తర్వాత గొలుసులు పెట్టి పొలం పొలం కొలిపించాడు. బెంగాలులో కంపెనీ జమీందార్లకు భూమి అప్పగించింది. మన్రోకు అది ఇష్టం లేదు. మధ్యలో జమీందారు ఎందుకు, దున్నేవాడే సర్కారుకు పన్ను కట్టాలి అన్నాడు. దీన్నే రైతువారీ పద్ధతి అంటారు. వినడానికి బాగుంది గానీ పన్ను మాత్రం చాలా ఎక్కువ. ఆ సంగతి ఆయనకే తెలిసి 1807లో నాలుగో వంతు తగ్గించమని పైవాళ్లకు రాశాడు. వాళ్లు వినలేదు. ఆయన వెళ్లిపోయాక ఊళ్లను గుత్తకు ఇచ్చారు. రైతులు బాగా చితికిపోయారు. మళ్లీ తానే గవర్నరుగా వచ్చాకే ఆ తగ్గింపు జరిగింది. మన్రో మంచివాడే అని నేనూ అనుకుంటాను. కానీ ఆ పన్ను చివరికి చేరింది కంపెనీ ఖజానాకే.

1820లో మద్రాసు గవర్నరు అయ్యాడు. ఒక సంగతి చదివి నాకు మస్తు సంతోషమైంది. మలబారు అడవులలో ఓడలకు టేకు కోసం 1806లో కెప్టెన్ వాట్సన్ అనే అధికారిని పెట్టారు. అడవి అంతా సర్కారుదే అని జనాన్ని కట్టె ముట్టనిచ్చేవారు కాదు. జనం మొర పెట్టుకున్నారు. మన్రో 1823లో ఆ ఉద్యోగమే తీసివేయించాడు. మా పెద్దలకు చెబితే నమ్మరు.

1822లో ఎన్ని బళ్లు ఉన్నాయో లెక్క తీయమని కలెక్టర్లందరికీ ఉత్తర్వు ఇచ్చాడు. మద్రాసు రాజధాని మొత్తం మీద 12,498 బళ్లు తేలాయి. చదివేవాళ్లు లక్షా 88 వేల పైన. అందులో ఆడపిల్లలు నాలుగున్నర వేలు మాత్రమే. మా తాతల తాతలు ఆ బళ్లలో కూర్చున్నారంటే నేను నమ్మను. మా ఇంట్లో పలక పట్టిన మొదటి మనిషిని నేనే. లెక్క చూశాక మన్రో 1826లో, ప్రతి జిల్లాలో, ప్రతి తాలూకాలో సర్కారు బడి పెట్టాలని రాసి కొన్ని పెట్టించాడు. పెద్ద ఉద్యోగాలు ఈ దేశం వాళ్లకే ఇవ్వాలని కూడా 1824లోనే రాశాడు. ఆ కాలంలో అలా అన్న తెల్లదొరలు తక్కువ.

1827లో ఇంగ్లండుకు వెళ్లిపోయే ముందు, దత్త మండలాలను ఒక్కసారి చూసి పోదామని బయలుదేరాడు. గుత్తి దగ్గరికి వచ్చేసరికి దండులో కలరా తగిలింది. జూలై 6న కర్నూలు సీమలోని పత్తికొండలో చనిపోయాడు. గుత్తిలో పూడ్చిపెట్టి, 1831లో మద్రాసు కోటలోని చర్చికి తీసుకుపోయారు. పత్తికొండలో ఆయన గుర్తుగా బావి తవ్వించి చింతతోపు వేశారు. ఆ సీమవాళ్లు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారు. మంత్రాలయం మఠంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడాడని కథ కూడా చెప్పుకుంటారు.

మద్రాసులో గుర్రం మీద ఆయన విగ్రహాన్ని 1839లో నిలబెట్టారు. ఆ గుర్రానికి జీను లేదు. విగ్రహం నిలబెట్టే నాటికి ఆయన పెట్టించిన తాలూకా బళ్లు లేవు, వాటిని 1836లోనే మూసేశారు.