నారికేళపాకము: ముత్తుస్వామి దీక్షితుల జీవితము

కర్ణాటక సంగీత త్రిమూర్తుల రచనలను పాకములతో పోల్చి చెప్పుట మన సంప్రదాయమున కలదు. త్యాగరాజస్వామి కృతి ద్రాక్షాపాకము. నోట వేసికొన్నంతనే రసము జాలువారును. శ్యామశాస్త్రి కృతి కదళీపాకము. తొక్క ఒలిచిన చాలును. ముత్తుస్వామి దీక్షితుల కృతి నారికేళపాకము. పీచు తీయవలెను, చిప్ప పగులగొట్టవలెను, అప్పుడుగాని తీయని నీరు దొరకదు. అందుచేతనే సభలో మిగిలిన పాటలకు తలయూచిన శ్రోతలు సైతము దీక్షితుల కృతి ఆరంభము కాగానే, ఇది తమకు అందునది కాదని నిరుత్సాహపడుట కద్దు. దీర్ఘమైన సంస్కృత సమాసములు, గజగమనము వంటి విలంబకాలము, ఒక్కొక్క స్వరమును ఊయల లూపెడి గమకములు కొత్త చెవికి బరువుగా తోచుట సహజమే. అయితే ఈ కృతులను రచించిన మహనీయులు తాము పుట్టి పెరిగిన సంగీతముతోనే తృప్తిపడినవారు కారు. తమకు కొత్తయైన సంగీతములను ఓపికతో విని స్వాధీనము చేసికొన్నవారు. వారి జీవితమే వారి కృతులకు తాళపుచెవి.

దీక్షితులు 1776వ సంవత్సరమున తంజావూరు సీమలోని తిరువారూరులో జన్మించిరి. త్యాగరాజునకు, శ్యామశాస్త్రికి కూడ అదియే జన్మస్థలము. తండ్రి రామస్వామి దీక్షితులు హంసధ్వని రాగమును కల్పించిన విద్వాంసులు. సంస్కృత సాహిత్యము, గాత్రము, వీణ కుమారునకు ఇంటనే అబ్బినవి. తరువాత ఆ కుటుంబము చెన్నపట్టణమునకు చేరువనున్న మణలికి, అచ్చటి ధనికులైన మొదలియార్ల ఆదరమున, తరలివచ్చెను.

చెన్నపట్టణమున ఆంగ్లేయుల కోటయు, వారి వాద్యబృందములును ఉండెను. ఆ బృందముల మెట్లు మన వారికి పూర్తిగా వింతవి. వానిలో గమకము లేదు, రాగవిస్తారము లేదు. అయినను దీక్షితులు వానిని అన్యములని త్రోసివేయలేదు. తమ్ముడు బాలుస్వామి ఐరోపావారి వయొలిన్ నేర్చి, దానిని కర్ణాటక సంగీతమున వాడిన తొలివారిలో ఒకడయ్యెను. అన్నగారు ఆ విదేశపు మెట్లకు సంస్కృతమున దేవతాస్తుతులు కూర్చిరి. అవియే నోట్టుస్వరములు. ఇంగ్లండు రాజగీతపు మెట్టు సైతము వారి చేతిలో స్తోత్రముగా మారినది.

ఇంతలో చిదంబరనాథ యోగి అను మహాత్ముడు మణలికి వచ్చి, ముత్తుస్వామిని తన వెంట కాశికి పంపుమని తండ్రిని కోరెను. తండ్రి మొదట వెనుకాడి, పిదప అంగీకరించెను. దీక్షితులు కొన్ని సంవత్సరములు కాశిలో గురుసేవ చేయుచు శ్రీవిద్యను ఉపాసించిరి. గంగలో మునిగి లేచునప్పుడు వారి చేతికి వీణ దొరికినదని ఐతిహ్యము. ఆ ప్రవాసముననే వారు ఉత్తరదేశపు గానమును విని ఆకళించుకొనిరి. నింపాదిగా, గంభీరముగా రాగమును విప్పెడి ధ్రుపద గానపు పోకడ వారి విలంబకాల రచనలపై ప్రసరించినదని సంగీతజ్ఞులు భావింతురు. ద్విజావంతిలోని చేతః శ్రీ బాలకృష్ణం, యమునాకల్యాణిలోని జంబూపతే అను కృతులు ఆ పరిచయమునకు సాక్ష్యములు. ఆ రాగములు ఉత్తరాదివియే. కాని దీక్షితుల రచనలో అవి అరువు తెచ్చినట్లు కాక, ఇంట పుట్టినట్లే యుండును.

గురువు సిద్ధిపొందిన పిదప వారు దక్షిణమునకు మరలి వచ్చిరి. తిరుత్తణిలో తొలి కృతిని రచించి, గురుగుహ అను ముద్రను స్వీకరించిరి. అటుపిమ్మట వారి జీవితము ఒక దీర్ఘమైన తీర్థయాత్ర. కంచి, తిరువారూరు, తంజావూరు మొదలైన చోట్ల ఏ ఆలయమున నిలిచిన ఆ దేవతపై కృతి వెలసెను. తిరువారూరు కమలాంబపై నవావరణ కీర్తనలు, గ్రహములపై నవగ్రహ కృతులు వారి కీర్తికి శిఖరములు. భరతనాట్య కచేరికి క్రమము నేర్పరచిన తంజావూరు సోదరులు పొన్నయ్య, చిన్నయ్య, శివానందం, వడివేలు వీరి శిష్యులే.

ఈ కృతులను ఆస్వాదింపగోరు విద్యార్థికి దీక్షితులే మెట్లు కట్టి పెట్టిరి. మొదటి మెట్టు నోట్టుస్వరములు. సూటియైన స్వరములు గనుక బాలురు సులభముగా పాడుదురు. రెండవది హంసధ్వనిలోని వాతాపి గణపతిం. తండ్రి కల్పించిన రాగమున కుమారుడు కట్టిన ఈ కృతి ఎల్లరకు పరిచితమే. ఆ పిదప విలంబకాల కృతులకు పోవచ్చును. వానిలో శ్రోతకు రెండు ఆనవాళ్లు దొరకును. పెక్కు కృతులలో రాగము పేరు సాహిత్యములోనే నేర్పుగా ఇమిడియుండును. దానిని వెదకుచు వినువాడు తెలియకయే సాహిత్యమును శ్రద్ధగా వినును. మెల్లగా సాగిన పాట చరణాంతమున మధ్యమకాలమున వడిగా పరుగెత్తును; అంతవరకు ఓర్చి విన్నవానికి అదియే బహుమానము. పలుమారులు విన్నచో బరువుగా తోచిన ఆ గమకములే రాగమునకు ప్రాణమని బోధపడును.

దీక్షితులు తుదకు తమ్ముడు ఆస్థాన విద్వాంసుడుగా నున్న ఎట్టయపురమును చేరి, 1835వ సంవత్సరమున దీపావళినాడు దేహము చాలించిరి. వారి కృతులు కుటుంబమునందును శిష్యులయందును మాత్రమే నిలిచెను. నోటినుండి చెవికి సంక్రమించు విద్యకు ఒక తరము అశ్రద్ధ చేసినను ప్రమాదమే. ఆ ప్రమాదమును కనిపెట్టినవాడు చిన్నస్వామి మొదలియారు. క్రైస్తవుడైన ఈ విద్యావంతుడు పాశ్చాత్య స్వరలిపిలో మన కృతులను ప్రకటింపబూనినవాడు. బాలుస్వామి దౌహిత్రుడును దత్తపుత్రుడును అయిన సుబ్బరామ దీక్షితులు తమ వంశవిద్యను బయలుపరచుటకు మొదట సంశయించిరి. చూపు మందగించుచున్న మొదలియారు ఎట్టయపురము ప్రభువులను ప్రార్థింపగా, ప్రభువుల కోరికపై సుబ్బరామ దీక్షితులు సమ్మతించిరి. గ్రంథము వెలువడకమునుపే మొదలియారు కన్నుమూసెను.

1904వ సంవత్సరమున ఎట్టయపురమున అచ్చయిన ఆ గ్రంథమే సంగీత సంప్రదాయ ప్రదర్శిని. 1,000 పుటలకు మించిన ఆ మహాగ్రంథము తమిళసీమలో వెలసినను తెలుగున రచింపబడినది. అందు ముత్తుస్వామి దీక్షితుల కృతులు 200కు పైగా, గమకములకు ప్రత్యేక సంకేతములతో సహా, స్వరపరుపబడియున్నవి. వంశపు పెట్టెలో దాగిన సొత్తు నాటినుండి లోకమున కెల్ల సొత్తైనది. తెలుగు చదువనేర్చిన విద్యార్థికి దానిని తెరచుటకు వేరొక భాష నేర్వవలసిన పని లేదు. కావలసినది ఓపిక యొక్కటియే. కాశిలోను, చెన్నపట్టణమునను దీక్షితులు చూపినదియు అదియే.