పుట్టుకను ప్రశ్నించినవాడు పరాయివాడయ్యాడు

మహాత్మా ఫూలే జీవితం చదివినవారికి థామస్ పెయిన్ పేరు తప్పక తారసపడుతుంది. పుణేలో స్కాటిష్ మిషన్ పాఠశాలలో చదువుకున్న జోతిబా 1847 ప్రాంతంలో పెయిన్ రాసిన ‘మానవ హక్కులు’ చదివాడు. నేనూ ఫూలే వెంట నడిచే పెయిన్ దగ్గరికి చేరాను. అయితే ఆ పుస్తకం ఫూలేను ప్రభావితం చేసిందన్నంత వరకే మనం చెప్పుకుంటాం. దాన్ని రాసినందుకు సొంత దేశం పెయిన్‌ను ఏం చేసిందన్నది చెప్పుకోం. దేశద్రోహి అన్న ముద్ర ఇంత తేలికగా పడుతున్న కాలంలో ఆ కథ మన విద్యార్థులకు తెలియాలి.

పెయిన్ 1737లో ఇంగ్లండ్‌లోని థెట్‌ఫర్డ్‌లో పుట్టాడు. స్త్రీలు నడుముకు బిగించుకునే కోర్సెట్లు కుట్టడం తండ్రి వృత్తి. కొడుకు చిన్నతనంలోనే బడి మాని అదే పనిలో కూర్చున్నాడు. తర్వాత ఎక్సైజ్ శాఖలో చిరుద్యోగి అయ్యాడు. తోటి ఉద్యోగుల జీతాలు పెంచాలంటూ 1772లో విజ్ఞాపన రాసి పార్లమెంటు సభ్యులకు పంచాడు. జీతాలు పెరగలేదు. 1774లో ఆయన ఉద్యోగమే పోయింది. ఆ ఏడాదే బెంజమిన్ ఫ్రాంక్లిన్ పరిచయ లేఖతో అమెరికాకు ఓడ ఎక్కాడు. 1776 జనవరిలో వెలువడిన ఆయన ‘కామన్ సెన్స్’ బ్రిటిష్ రాచరికాన్ని నిలదీసి, వలస ప్రజలను స్వాతంత్ర్యం వైపు నడిపించింది.

అసలు తగాదా ఇంగ్లండ్ తిరిగి వచ్చాక మొదలైంది. ఫ్రెంచి విప్లవాన్ని ఖండిస్తూ ఎడ్మండ్ బర్క్ 1790లో పుస్తకం రాశాడు. రాజు, ప్రభువులు, చర్చి పూర్వీకులు అప్పగించిన ఆస్తి అనీ, వాటిని కాపాడుకోవడమే ఇంగ్లీషు జాతి స్వభావమనీ ఆయన వాదం. ఇది మనం ఎరగని వాదమా? పెయిన్ 1791, 1792లలో రెండు భాగాలుగా జవాబిచ్చాడు. చచ్చినవారికి బతికున్నవారిని పాలించే హక్కు లేదన్నాడు. గణితజ్ఞుడి కొడుకు పుట్టుకతో గణితజ్ఞుడు కానట్టే, శాసనకర్త కొడుకు పుట్టుకతో శాసనకర్త కాలేడన్నాడు. యాభై దాటిన పేదలకు ఏటా 6 పౌండ్లు, అరవై దాటితే 10 పౌండ్లు ఇవ్వాలని లెక్కలు కట్టి చూపాడు. అది దానం కాదు, హక్కు అన్నాడు. అయితే ఆయన చెప్పిన మనిషి ప్రధానంగా పురుషుడే. స్త్రీల హక్కుల కోసం 1792లోనే మేరీ వొల్‌స్టన్‌క్రాఫ్ట్ వేరే పుస్తకం రాయవలసి వచ్చింది.

చవక ప్రతులు చేతిపనివారి ఇళ్ళకు చేరడంతో ప్రభుత్వం ఉలిక్కిపడింది. రాజద్రోహ రచన చేశాడని కేసు పెట్టింది. విచారణ నాటికి పెయిన్ ఫ్రాన్స్ చేరాడు. 1792 డిసెంబరులో ఆయన లేకుండానే లండన్‌లో విచారణ జరిగింది. ప్రాసిక్యూషన్ తుది సమాధానం కూడా వినకుండానే జ్యూరీ దోషి అని తేల్చింది. ఆ చలికాలం ఊరూరా ఆయన దిష్టిబొమ్మలు తగలబెట్టారు. ఇక్కడొక విచిత్రం ఉంది. ఇంగ్లీషు సంప్రదాయానికి కాపలాదారుగా పేరు పొందిన బర్క్ డబ్లిన్‌లో పుట్టిన ఐరిష్‌వాడు. ఇంగ్లండ్ గడ్డ మీద పుట్టిన పెయిన్ పరాయివాడయ్యాడు. జాతీయత అప్పుడూ పుట్టిన ఊరిని బట్టి నిర్ణయం కాలేదు, ఎవరి ఆధిక్యాన్ని ఒప్పుకున్నారన్నదాన్ని బట్టి నిర్ణయమైంది. అదే పాలకవర్గం 1870లో మన శిక్షాస్మృతిలో 124ఎ సెక్షన్ చేర్చింది.

ఫ్రాన్స్‌లోనూ ఆయన ఇమడలేదు. రాచరికాన్ని ద్వేషించినా, పదహారో లూయీకి మరణశిక్ష వద్దని ఓటు వేశాడు. నెలల తరబడి జైల్లో మగ్గాడు. మతగ్రంథాలను ప్రశ్నించి అమెరికా ఆదరణా పోగొట్టుకున్నాడు. 1809లో న్యూయార్క్‌లో చనిపోతే అంత్యక్రియలకు కొద్దిమందే వచ్చారు. స్వదేశంలో స్మారకం కట్టాలని విలియం కాబెట్ 1819లో ఎముకలు తవ్వి ఇంగ్లండ్ తెచ్చాడు. స్మారకం లేవలేదు, ఎముకలు ఏమయ్యాయో తెలియదు. ప్రభువుల సభలో పుట్టుకతో వచ్చే సీట్లను 1999లో తగ్గించినప్పుడు కూడా 92 మిగిల్చారు. థెట్‌ఫర్డ్‌లో ఆయన విగ్రహం 1964లో వెలిసింది, అదీ అమెరికన్ల డబ్బుతో. ఆయన చేతిలోని ‘మానవ హక్కులు’ తలకిందులుగా ఉంటుంది.